చువ్వల కింది పళ్లెం

పోయిన వారం మరదలిని ప్రయోగశాల గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. చేతిలో ఆ గది తాళంచెవి. లోపల ఆమె ఆడపడుచు, మనం మొదటినుంచీ వదిన అనే పిలుస్తున్న మనిషి, తీర్పు చెప్పడానికి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులకు కుర్చీలు జరుపుతోంది. వదినా మరదళ్లు ఎలుకల మీద చేస్తున్న పని ఒకటే. దానికి అర్థం చెప్పుకునే దగ్గరే ఇద్దరికీ చెడింది. మీట నొక్కితే మెదడులోకి హాయినిచ్చే చిన్న కరెంటు అందే ఎలుకకు భయమన్నదే ఉండదని వదిన అంటుంది. ఉంటుందని మరదలు అంటుంది. ఉంటే అందరి ముందూ చూపించాలి, చూపించలేకపోతే గది తాళం అప్పగించి వెళ్లిపోవాలి అని వదిన పెట్టిన గడువు ఈ మధ్యాహ్నమే.

మరదలు లోపలికి అడుగు పెట్టింది.

ఆ గది పొడుగ్గా రైలుపెట్టెలా ఉంటుంది. ఒక గోడంతా ఎలుకల గూళ్లు. రంపపు పొట్టు, తడిసిన బొచ్చు, వేడెక్కిన తీగలు, ఈ మూడింటి వాసనా కలిసి గుమ్మంలోనే ముక్కును పలకరిస్తుంది. కొత్తవాళ్లు రుమాలు తీస్తారు. పెద్దాయన తీశాడు. లెక్కల మాస్టారు కూడా తీయబోయి, పెద్దాయన ముందే తీశాడు గనక తన రుమాలు మళ్లీ జేబులో దోపుకున్నాడు. పెద్దాయన ఆ సంస్థకంతటికీ పెద్ద. ఎవరి గది ఉండాలో ఎవరిది ఊడాలో చెప్పేది ఆయనే. లెక్కల మాస్టారి పని ప్రతి ప్రయోగంలోనూ తప్పు పట్టడం. జీతం ఇవ్వకపోయినా ఆ పని ఆయన మానడని అందరూ అనుకుంటారు.

బల్ల మీద అసలు పెట్టె ఉంది. మూడు పక్కలా రేకు, ముందువైపు అద్దం, అడుగున ఉక్కు చువ్వలు, గోడకు చిన్న మీట. పైనుంచి దారంలా వేలాడే తీగను ఎలుక తలమీద బిగించిన బుల్లి సాకెట్‌కు తగిలిస్తారు. దానికి నొప్పి తెలియదు. బొట్టుబిళ్లంత ఆ సాకెట్‌తోనే అది తింటుంది, పడుకుంటుంది, పక్క ఎలుకతో పోట్లాడుతుంది.

ఈ ఎలుకలకు ముందే ఒక పాఠం నేర్పారు. బజర్ మోగుతుంది, అది ఆగేసరికి చువ్వల్లోంచి కాళ్లకు షాక్ తగులుతుంది. కొన్నాళ్లకు షాక్ అక్కర్లేదు, బజర్ చాలు. పాము కరిచినవాడికి తాడు చాలదూ, అలాగే. దాహంతో అల్లాడుతూ నీటిచుక్క కోసం మీట నొక్కుతున్న ఎలుక కూడా బజర్ వినగానే బొమ్మలా బిగుసుకుపోతుంది. పక్కన కాగితం చుట్ట మీద ఒక పెన్ను నడుస్తూ ఉంటుంది. ఎలుక మీట నొక్కినప్పుడల్లా గీత ఒక మెట్టు పైకెక్కుతుంది. ఎలుక ఆగిపోతే గీత బల్లపరుపుగా సాగిపోతుంది. మరి అదే ఎలుకకు నీటి బదులు మెదడులోకి ఆ చిన్న కరెంటు ఇస్తే? బజర్ మోగుతున్నా గీత మెట్లెక్కుతూనే ఉంటుంది. ఆ గీతే వదినకు పేరు తెచ్చింది. గీత బల్లపరుపు కాలేదంటే భయం లేదనే అర్థమని ఆమె అంది, విన్నవాళ్లంతా ఔనన్నారు. మరదలు కూడా చాలాకాలం ఔననే అంది.

అనడం మానింది కుళాయిలో నీళ్లు రాని రోజున.

చువ్వల కింద ఒక రేకు పళ్లెం ఉంటుంది. ఎలుక పెంటికలూ ఉచ్చా అందులో పడతాయి. రెండు చువ్వల మధ్య తడి పెంటిక ఇరుక్కుందంటే కరెంటు ఎలుక కాళ్లను వదిలేసి ఆ అడ్డదారిన పోతుంది. ఇక షాక్ తగలదు, ఆ రోజు పడ్డ పాటంతా బూడిదలో పోసినట్టే. అందుకే వదిన మొదట్లోనే ఒక కట్టుబాటు పెట్టింది. ఎలుకను తీసిన మరుక్షణం పళ్లెం లాగి తొట్లో బోర్లించాలి, చువ్వలు కడగాలి, అప్పుడే ఇంకో ఎలుక. శుభ్రంలో వదినను మించినవాళ్లు లేరు. ఆ శుభ్రమే అందరి కళ్లకూ గంతలు కట్టింది. నీళ్లు రాని ఆ రోజున కడగని పళ్లేలు బల్ల కింద వరసగా పేరుకుంటే, మరదలు వంగి చూసింది. బజర్ మోగని పూట పళ్లెం ఖాళీ. బజర్ మోగిన పూట, మీట ఒక్క క్షణం కూడా ఆపని ఎలుక పళ్లెంలో సైతం, నల్లగా, మిరియాలు చల్లినట్టు పెంటికలు. భయపడ్డ ఎలుక దాచుకోలేనిది అదొక్కటే. గీత అబద్ధం చెప్పలేదు గానీ, సగమే చెప్పింది.

ఇంట్లో ఈ మాట ఎత్తితే వదిన మొదట నవ్వింది. తర్వాత ఇన్నేళ్ల తన పేరుకు పెంటికలు అడ్డం వేస్తావా అని కంచం ముందునుంచి లేచిపోయింది. మరదలికి మొగుడు, వదినకు తమ్ముడు అయిన డ్రాయింగు మాస్టారు ఆనాటినుంచీ అడకత్తెరలో పోకచెక్కే. ఎవరివైపు అని ఎవరైనా అడిగితే, తను బొమ్మలు వేసుకునేవాడినని, ఎలుకను ఎటునుంచి చూసినా తోక వెనకే కనిపిస్తుందని చెప్పి తప్పించుకునేవాడు.

ఆ గదిలో వదినను మేడం అనాలి. ఇంటికి వెళ్లాకే వదిన. ఎలుకను పట్టుకోవడం మరదలికి నేర్పింది ఆమే. తోక పట్టి లాగితే శత్రువవుతుంది, అరచేతి కిందికి రానిస్తే చుట్టమవుతుంది అని చెప్పింది. ఇప్పుడు అదే గొంతుతో వదిన పెద్దమనుషులకు రెండు వాదాలూ వివరించింది. మరదలి వాదాన్ని ఎక్కడా తగ్గించలేదు, వెక్కిరించలేదు. అది చూసి మరదలికి ధైర్యం రావలసింది పోయి గుండె ఇంకా జారింది. తిట్టే మనిషితో పోట్లాడవచ్చు, న్యాయంగా మాట్లాడే మనిషితో ఎలా?

వెక్కిరించే పని లెక్కల మాస్టారు చూసుకున్నాడు.

"కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లను చూశాం. ఎలుకను తవ్వి ఏం పడతారో ఇవాళ చూడాలన్నమాట."

మరదలు తను అడిగేవి రెండే అంది. పళ్లెంలో తెల్లకాగితం పరవాలి, అందరూ చూసేదాకా ఎవరూ కడగకూడదు. షాక్ తీగను ఊడదీసి పెద్దాయన చేతిలో పెట్టింది, ఇవాళ ఈ పెట్టెలో బజర్ తప్ప బాధించేది మరేమీ ఉండదని. ఆయన ఆ తీగను పాముపిల్లలా దూరంగా పట్టుకుని కూర్చున్నాడు.

ముందుగా సగంచెవి వచ్చింది. చిన్నప్పుడు తోబుట్టువులు చెవి కొరికేస్తే ఆ పేరు పడింది దానికి. తల మీద తీగ తగిలించగానే నేరుగా మీట దగ్గరికి పరిగెత్తింది. బజర్ లేదు. పెన్ను టకటకా మెట్లెక్కింది. కొంతసేపయ్యాక కాగితం లాగి చూపించింది మరదలు, తెల్లగా ఉంది. తర్వాత తీగ తీసేసి నీళ్ల గొట్టం పెట్టి బజర్ మోగించింది. సగంచెవి ఎత్తిన ముందుకాలు ఎత్తినట్టే ఉండిపోయింది. మీసం కూడా కదలలేదు. గీత బల్లపరుపైంది. కాగితం మీద నల్లని పెంటికలు. దీనికి భయం ఉందని ఇద్దరు పెద్దమనుషులూ ఒప్పుకున్నారు, వదిన కూడా తల ఊపింది.

ఇక అసలుది. కొత్త కాగితం, మళ్లీ తీగ, మళ్లీ బజర్. గదంతా ఆ మోత. సగంచెవి నొక్కుతూనే ఉంది. పెన్ను ఎక్కుతూనే ఉంది. ఒక్క మెట్టు తప్పలేదు.

వదిన ముఖం వెలిగింది. ఎన్నిసార్లు చూసినా ఆ గీత ఆమెకు కొత్తే. చూశారుగా అన్నట్టు చెయ్యి చాచి బోర్డు వైపు చూపించింది. గుండ్రటి చేతిరాతలో అక్కడ ఒకే వాక్యం ఉంది: కరెంటు భయాన్ని తుడిచేస్తుంది. పెద్దాయన కళ్లజోడు తీసి, తల పంకించి, కుర్చీలోంచి లేవబోయాడు. ఆయన దృష్టిలో అయిపోయింది.

"పళ్లెం చూడాలండి" అంది మరదలు.

ఆయన మళ్లీ కూర్చున్నాడు. మరదలు పళ్లెం పిడి పట్టుకుంది. ఇది ఖాళీగా వస్తే తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లడమే. ఈ ఎలుకలను వేరేవాళ్లు పట్టుకుంటారు, బహుశా తోకలు పట్టి.

"చేతులు వణుకుతున్నాయే అమ్మాయ్" అన్నాడు లెక్కల మాస్టారు.

"వణకనివ్వండి సార్. పళ్లెం ఒలకదు."

లాగింది. తెల్లకాగితం మీద నల్లగా పెంటికలు, వాటి పక్కన కాగితం ఉబ్బేంత తడి. ఇందాక నీళ్ల గొట్టం ముందు బిగుసుకుపోయినప్పుడు ఎన్ని ఉన్నాయో ఇంచుమించు అన్నే. పక్కన పెన్ను గీసిన గీత మాత్రం ధీమాగా కొండెక్కి కూర్చుంది.

లెక్కల మాస్టారు గొంతు సవరించుకున్నాడు. మధ్యలో అది నీళ్లు తాగింది కదా, తాగిన జీవి పోయదా అన్నాడు. వదిన కూడా అందుకుంది. ఒక ఎలుక కడుపు మాట పట్టుకుని ఇన్నేళ్ల గీతలను కొట్టిపారేస్తామా అంది. ఆమె గొంతులో కోపమూ లేదు, కంగారూ లేదు.

"ఐతే మీకు నచ్చిన ఎలుకను మీరే తీసుకోండి మేడం. మీ చేత్తో మీరే పెట్టండి. నేను ముట్టుకోను" అని చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

పెద్దాయన కళ్లజోడుతో ఒక గూడు చూపించాడు. అందులో ఉన్నది నిద్రమొహం, వదిన ముద్దుగా పెంచుకున్నది. దానితోపాటు లెక్కల మాస్టారు ఇంకో షరతు పెట్టాడు. బజర్ పాఠం ఎన్నడూ నేర్వని ఎలుక ఒకటి కావాలన్నాడు. దానికీ పళ్లెం నిండితే ఇదంతా బజర్ మోతకు చెదిరిన కడుపే తప్ప భయం కాదని తేలిపోతుంది. మరదలు ఈ మాటకోసమే ఎదురుచూస్తోంది. తను అడిగితే ముందే అనుకున్నదంటారు, ఆయనే అడిగాడు గనక ఇక ఎదురులేదు.

నేర్వని ఎలుక ముందు వెళ్లింది. వదిన కాగితం పరిచింది, తీగ తగిలించింది, బజర్ నొక్కింది. ఆ ఎలుక ఒకసారి చెవులు తిప్పి, పెళ్లిలో చెవిటివాడిలా తన మీట తను నొక్కుకుంటూ పోయింది. కాగితం తెల్లగా తిరిగి వచ్చింది. వదిన దాన్ని ఎత్తి ఇద్దరికీ చూపించింది.

తర్వాత నిద్రమొహం. పొద్దున్నుంచి దానికి నీళ్లు లేవు. తీగ తగిలింది, బజర్ మోగింది. నిద్రమొహం కళ్లు సగం మూసుకుని మీట నొక్కుతూనే ఉంది, గీత ఎక్కుతూనే ఉంది. చూసేవాళ్లకు దాని అంత నిశ్చింత జీవి లోకంలో లేదనిపిస్తుంది. వదిన బజర్ ఆపి, ఎలుకను తీసి ఎదకు ఆనించుకుని, రెండో చేత్తో పళ్లెం లాగింది.

చూసింది. ఎలుకను గూట్లో పెట్టి వచ్చి మళ్లీ చూసింది. పళ్లెం పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచి వెలుతురులో వాల్చింది. పెద్దాయనా లెక్కల మాస్టారూ లేచి ఆమె వెనక చేరారు. ముగ్గురు చదువుకున్న పెద్దలు ఒక ఎలుక పెంటికల మీద తలలు వంచి, ప్రసాదం కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు. మరొకప్పుడైతే మరదలికి నవ్వు ఆగేది కాదు.

"వదినా" అంది నెమ్మదిగా. ఆ గదిలో ఆ పిలుపు అదే మొదటిసారి.

వదిన వెనక్కి తిరిగింది. పళ్లెం బల్ల మీద పెట్టి బోర్డు దగ్గరికి వెళ్లింది. డస్టర్ పక్కనే ఉన్నా అందుకోలేదు. తన కోటు చేతితోనే ఆ గుండ్రటి వాక్యాన్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా తుడిచేసింది. మోచెయ్యి దాకా సుద్దపొడి. సుద్దముక్క తెచ్చి మరదలి చేతిలో పెట్టింది.

"రాయి."

"మీరే రాయండి వదినా. గది మీది."

"నేను రాసింది నేను తుడిచాను. నువ్వు కనిపెట్టింది నువ్వే రాయాలి. తొందరగా కానివ్వు, పెద్దాయనకు కాళ్లనొప్పులు."

మరదలు రాసింది: భయం పోదు. చెయ్యి ఆగదు.

ఆ రెండు ముక్కలూ పెద్దాయన పైకి చదివాడు. మళ్లీ ఒకసారి లోలోపల చదువుకున్నాడు. తాళంచెవి మరదలి దగ్గరే ఉండాలని, ఇంకో తాళంచెవి చేయించి వదినకు ఇవ్వాలని, వచ్చే సభలో ఈ సంగతి ఇద్దరూ పక్కపక్కన నిలబడి చదవాలని తీర్పు చెప్పాడు. షాక్ తీగ ఇంకా చేతిలోనే ఉందని అప్పుడు గుర్తొచ్చి బల్ల మీద పెట్టాడు. లెక్కల మాస్టారు చాలాసేపు ఐదు కాగితాలనూ తిప్పి తిప్పి చూశాడు. పట్టుకోవడానికి ఏమీ దొరక్క, చివరికి ఈ వయసులో నాచేత పెంటికలు కూడా లెక్కపెట్టిస్తారన్నమాట అని గొణిగాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ వినలేదు.

మాట నడవలోకి పాకింది. ఇటు గదుల్లోవాళ్లూ అటు గదుల్లోవాళ్లూ తలుపులు తీసుకుని వచ్చారు. నిన్నటిదాకా ఎలుకలమ్మాయి అని ముక్కు మూసుకుని పక్కకు తొలిగినవాళ్లు ఇవాళ కాగితం దగ్గరగా పెట్టుకుని చూస్తామన్నారు. కప్పలమీద పనిచేసే ఆవిడ తన తొట్లు కూడా కడగడం మానేస్తానంది. ఎవరో టీ తెచ్చారు. మరదలు కప్పు పట్టుకుంది గానీ తాగడం మరిచిపోయింది. అడిగినవాళ్లకల్లా మళ్లీ మళ్లీ చెప్పింది, చెప్పిన ప్రతిసారీ గొంతు ఒక మెట్టు పైకెక్కింది. తనకు ఇంత గొంతు ఉందని తనకే తెలియదు.

మొగుడికి ఫోన్ చేసింది. ఎవరు ఓడారని అడిగాడు ముందు. ఎవరూ ఓడలేదు, మీ అక్కే బోర్డు తుడిచి నా చేత రాయించింది అంటే అతను నమ్మలేదు. ఆ ముక్క అక్క నోట వినాలి, ఒక్కసారి అక్కకివ్వు అన్నాడు.

అప్పుడు చూసింది మరదలు. నడవలో అందరూ ఉన్నారు, వదిన లేదు.

గది తలుపు దగ్గరికి వేసి ఉంది. ఫోన్ చేతిలో పట్టుకునే తోసింది. వదిన పెట్టె ముందు స్టూలు మీద కూర్చుని ఖాళీ పెట్టెలోని మీట వైపు చూస్తోంది. తమ్ముడితో తర్వాత మాట్లాడతానని చెప్పమంది, తలుపు గడియ వేసి రమ్మంది. మరదలు ఫోన్ పెట్టేసి గడియ వేసింది. వదిన అలిగిందేమో, లోపల కుమిలిపోతోందేమో అనుకుని దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. వదిన ముఖంలో అలకా లేదు, ఏడుపూ లేదు. ఎప్పటిలాగే ప్రశాంతంగా, చిరునవ్వుకు ఒక్క అడుగు ఇవతల ఉంది.

"కొప్పులో పిన్నులు తియ్యి" అంది.

మరదలు ఒక్కొక్కటే తీసింది. జుట్టు భుజం మీదికి జారింది. కుడిచెవి వెనక, జుట్టు కింద, గుండ్రంగా గొరిగిన చర్మం. దాని మధ్యలో బొట్టుబిళ్లంత సాకెట్. సగంచెవికి, నిద్రమొహానికి ఉన్నదే. అందులోంచి దారంలాంటి తీగ మెడ వెంట దిగి కాలర్ లోపలికి పోయింది.

మరదలి చేతిలో పిన్నులు నేలమీద రాలాయి.

"ఇది పెట్టించుకుని చాలాకాలమైంది. భయమంటే ఏమిటో మరిచిపోయాను. పోయిందనుకున్నాను" అంది వదిన, వాతావరణం గురించి చెప్పినట్టు. "పోలేదని ఇవాళ నువ్వు చూపించావు. ఐతే అది ఇన్నాళ్లూ నాలోనే ఉందన్నమాట. ఎక్కడుందో, లోపల ఏం చేస్తోందో నాకు తెలియదు. నువ్వే చూసి చెప్పాలి."

మరదలు ఏం చెయ్యాలో తెలియక, ఎలుక గుండె చూసినట్టే, వదిన మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించింది. ఆ ప్రశాంతమైన ముఖం కింద నాడి పట్టుబడ్డ పిట్టలా కొట్టుకుంటోంది.

"వదినా, అసలు దేనికి భయపడి ఇది పెట్టించుకున్నారు?"

వదిన ముఖం మారలేదు. వేళ్ల కింద నాడి మాత్రం ఒక్కసారి ఎగిరిపడి ఇంకా జోరందుకుంది. ఆమె రెండో చెయ్యి కోటు జేబులోకి పోయింది. జేబులోంచి సన్నగా, ఆగకుండా, మీట నొక్కుతున్న చప్పుడు వినిపించసాగింది.